కూరగాయల సాళ్ల నడుమ బంతిపూవు

తెలుగు నేల మీద శరదృతువు అడుగుపెట్టినదనడానికి బంతిపూవును మించిన సాక్ష్యం లేదు. బతుకమ్మ పేర్పులో తంగేడు, గునుగు పూల సరసన అది చోటు చేసుకుంటుంది. ఆయుధపూజనాడు యంత్రాలకూ వాహనాలకూ, దీపావళినాడు గుమ్మాలకూ, సంక్రాంతినాడు గొబ్బెమ్మలకూ అదే అలంకారం. ఆ పేరు కూడా అచ్చంగా ఇంటి పేరే. బంతి అంటే గుండ్రని ఆటవస్తువు. ‘పంక్తి’ నుంచి వచ్చిన బంతి అంటే వరుస. బంతి భోజనాలలో కూర్చున్నవారి మధ్య పెద్ద చిన్న తేడా ఉండదంటారు. ఆకారాన్ని బట్టి ఆ పూవుకు మొదటి అర్థం చెల్లుతుంది. కూరగాయల మడిలో సాలుగా నిలిచినప్పుడు రెండవ అర్థమూ చెల్లుతుంది.

టమాటా, మిరప, వంగ తోటల గట్ల వెంటా, సాళ్ల మధ్యా బంతిమొక్కలు నాటడం తెలుగు జిల్లాలలో చాలాచోట్ల కనిపించే దృశ్యం. ఎందుకు నాటారని అడిగితే సాధారణంగా వచ్చే సమాధానం ఒకటే: బంతి ఘాటు వాసనకు పురుగులు దగ్గరకు రావని, ఇది తాతల కాలంనాటి పద్ధతి అని. ఈ సమాధానంలో రెండు విషయాలున్నాయి. ఒకటి ఆ పూవు చేసే పనికి సంబంధించినది. రెండవది ఆ పద్ధతి వయస్సుకు సంబంధించినది. రెండింటినీ చరిత్ర వెలుగులో పరిశీలించవలసి ఉంది. ఎందుకంటే పూవు నిజంగా చేసే పని ఏదో తెలియనప్పుడు దానిని నాటిన రైతుకు నష్టమే మిగలవచ్చు. ఆ పద్ధతి ఎక్కడి నుంచి ఎలా వచ్చినదో తెలియనప్పుడు, దానిని రూపొందించిన అనేకుల శ్రమకు గుర్తింపు దక్కదు.

బంతి జన్మస్థలం మెక్సికో. అజ్‌టెక్ ప్రజల నహువాతల్ భాషలో దానిని ‘సెంపోవల్‌షోచిత్ల్’ అన్నారు. ఆ మాటకు ‘ఇరవై పూవు’ అని అర్థం. అనేకమైన రేకులు గలదని భావం. దేవతారాధనలోనూ, వైద్యంలోనూ వారు దానిని వాడుకున్నారు. స్పానిష్ మతగురువు బెర్నార్దినో దె సహగూన్ 16వ శతాబ్దిలో స్థానిక పండితుల సహాయంతో కూర్చిన, ఫ్లోరెంటైన్ కోడెక్స్‌గా ప్రసిద్ధమైన బృహద్గ్రంథంలో ఈ పూవు వర్ణన ఉన్నది. నేటికీ నవంబరు ప్రారంభంలో మెక్సికో ప్రజలు తమ పితృదేవతలకు దారి చూపడానికి ఇళ్ల ముందూ, సమాధుల వద్దా బంతిరేకులు పరుస్తారు. మరణించినవారికీ దేవతలకూ ఒకే పూవును సమర్పించే ఆచారంలో మెక్సికోకూ భారతదేశానికీ ఇంతటి పోలిక ఉండడం ఆశ్చర్యం కలిగిస్తుంది.

1521లో అజ్‌టెక్ రాజధాని తెనోచ్‌తిత్లాన్ స్పెయిన్ సేనల వశమైనది. ఆ తరువాత ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఈ మొక్క ఐరోపా తోటలకు చేరుకున్నది. జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ 1542లో ప్రచురించిన ఓషధీ గ్రంథంలో దాని చిత్రం కనబడుతుంది. అక్కడ దానికి తగిలించిన విశేషణం ‘ఇండికా’. అమెరికాను ఇండియాగా భ్రమించిన కాలం అది. పొడవైన రకానికి ఆఫ్రికన్ అనీ, పొట్టి రకానికి ఫ్రెంచి అనీ వాడుక పేర్లు ఏర్పడ్డాయి. ఆ రెండు ప్రాంతాలలో ఏదీ దాని పుట్టిల్లు కాదు. 1753లో లినేయస్ ఈ రెండింటికీ ‘టాజెటిస్ ఎరెక్టా’, ‘టాజెటిస్ పాట్యులా’ అనే శాస్త్రనామాలు స్థిరపరచాడు. నాగలి చాలులోంచి ఉద్భవించాడని ప్రాచీన ఎట్రుస్కన్లు చెప్పుకున్న టాజెస్ అనే దేవబాలుని పేరుతో ఈ ప్రజాతి నామాన్ని ముడిపెట్టడం పరిపాటి. దుక్కి చాలు నుంచి పుట్టిన సీతమ్మ కథ తెలిసిన దేశానికి ఆ పేరు పరాయిదిగా తోచదు.

అమెరికా పంటలను భారతదేశపు పడమటి తీరానికి చేర్చినవారిలో పోర్చుగీసువారు ముఖ్యులు. 1510లో గోవా వారి ఆధీనమైన తరువాత మిరప, పొగాకు, అనాస, జీడిమామిడి వంటివి క్రమక్రమంగా దేశంలో వ్యాపించాయి. బంతి కూడా ఆ కాలపు రాకపోకల ఫలమే. దానికి ఇక్కడ ఎదురైన ఆదరణ అపూర్వమైనది. పసుపు, కాషాయ వర్ణాలు పూజాద్రవ్యాల వర్ణాలు కావడం, కోసిన తరువాత కూడా చాలాసేపు వాడకుండా నిలవడం, సామాన్యుని పెరటిలోనూ పెరగడం దాని వ్యాప్తికి తోడ్పడిన గుణాలు. మిరియాన్ని తలపించే కారం గలది గనుక కొత్త కాయకు మిరప అనే పేరు వచ్చినట్లే, ఆకారాన్ని బట్టి ఈ కొత్త పూవుకు బంతి అనే పేరు కుదిరింది. అదే మెక్సికోలో సాగుపంటగా రూపుదిద్దుకొని, ఇక్కడికి ఆలస్యంగా వచ్చిన టమాటాను తెలుగువారు రామములగ అని పిలుచుకున్నారు. అతిథికి రాముని పేరు పెట్టి ఇంటివానిగా చేసుకోవడం ఈ ప్రాంతపు భాషకు తెలిసిన మర్యాద.

కనుక టమాటా సాళ్ల నడుమ బంతిని నాటడం అనే పద్ధతి ఈ రూపంలో అతిప్రాచీనమైనది అయి ఉండడానికి వీలులేదు. రెండు మొక్కలూ కొత్తవే. అయితే దాని వెనుకనున్న ఆలోచన మాత్రం భారతీయ కృషి సంప్రదాయానికి కొత్తది కాదు. పంటను ఒంటరిగా విడిచిపెట్టరాదన్నదే ఆ ఆలోచన.

సుమారు వెయ్యి సంవత్సరాల క్రితం సురపాలుడు రచించిన వృక్షాయుర్వేద గ్రంథం ఈ సందర్భంలో స్మరించదగినది. దాని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రపరచబడి ఉన్నది. వై.ఎల్. నేనె స్థాపించిన, సికిందరాబాదు కేంద్రంగా గల ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ 1996లో, నళినీ సాధలే ఆంగ్లానువాదంతో దానిని వెలువరించింది. వృక్షాలకు కూడా వాత పిత్త కఫ దోషాలు ఉంటాయని భావించిన ఆ సంప్రదాయం, క్రిమి నివారణకు వాయువిడంగాలు, ఆవాలు మొదలైన ద్రవ్యాలతో ధూపాలూ, లేపనాలూ విధించింది. ఘాటైన వాసన గల ద్రవ్యాలకు క్రిములను తొలగించే శక్తి ఉన్నదన్న విశ్వాసానికి ఈ దేశంలో ఎంత దీర్ఘమైన చరిత్ర ఉన్నదో ఈ గ్రంథం తెలియజేస్తుంది. బంతి వాసన గురించి నేటి రైతు చెప్పే మాట ఆ విశ్వాసానికి కొనసాగింపుగా కనిపిస్తుంది.

రెండవ ఆధారం గ్రంథాలలో గాక పొలాలలో ఉన్నది. దక్కను మెట్ట చేలలో జొన్నతో కంది, సజ్జతో పెసర, అలసంద, అనుములు, వాటి గట్ల మీద ఆముదం, గోగు కలిసి పెరగడం అనాదిగా వస్తున్న వ్యవసాయం. జహీరాబాదు ప్రాంతపు ఎర్రనేలల్లో మహిళా రైతులు ఒకే చేనులో పన్నెండు, అంతకు మించిన పంటలను కలిపి పండించే పద్ధతిని ఇటీవలి కాలం వరకూ నిలబెట్టుకున్నారు. బ్రిటిష్ ప్రభుత్వం పంపగా 1889లో ఈ దేశానికి వచ్చి, 1893లో తన నివేదికను ప్రచురించిన రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ అగస్టస్ వోల్కర్ భారతీయ రైతు నేర్పును ప్రశంసించినవారిలో ఒకడు. ఇండోరులో పరిశోధనలు నిర్వహించి 1940లో ‘యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్’ రచించిన ఆల్బర్ట్ హోవార్డ్ సైతం మిశ్రమ సేద్యంలోని వివేకాన్ని గుర్తించాడు. మెక్సికోలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చోట పెంచే ‘మిల్పా’ పద్ధతి కూడా ఇదే కోవలోనిది. దూరదూరాన ఉన్న రెండు నాగరికతలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండానే ఈ నిర్ణయానికి రావడం గమనార్హం.

పూలమొక్కలను కూరగాయలకు తోడుగా నాటాలన్న బోధ పాశ్చాత్య దేశాలలో 20వ శతాబ్దిలో ఒక ఉద్యమ రూపం ధరించింది. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ చేసిన వ్యవసాయ ప్రసంగాలతో ప్రేరణ పొందినవారు ‘ఈ మొక్కకు ఆ మొక్క స్నేహితురాలు, ఈ మొక్కకు ఆ మొక్క విరోధి’ అనే పట్టికలు తయారుచేశారు. 1960, 70 దశకాలలో ఆంగ్లంలో వెలువడిన తోటపని పుస్తకాలు వాటికి విస్తృత ప్రచారం కల్పించాయి. ఆ పట్టికలలో అనుభవమూ ఉన్నది, ఊహా ఉన్నది. రెండింటినీ వేరుచేసే ప్రయత్నం తక్కువ. అయితే ఆ పట్టికలన్నిటిలోనూ తప్పకుండా చోటు సంపాదించుకున్న బంతి విషయంలో మాత్రం ప్రయోగశాల కూడా శ్రద్ధ వహించింది.

నేలలో ఉండి మొక్కల వేళ్లను ఆశించే నులిపురుగులు కంటికి కనబడని శత్రువులు. టమాటా, వంగ, బెండ వేళ్ల మీద బుడిపెలు కట్టించి మొక్కను గిడసబార్చేవి ఇవే. బంతి వేళ్లలో ఇవి వృద్ధి చెందలేకపోతున్నాయని 1930వ దశకం చివరి నుంచీ అమెరికా శాస్త్రజ్ఞులు గమనిస్తూ వచ్చారు. 1947లో జెక్‌మైస్టర్, సీజ్ అనే రసాయన శాస్త్రజ్ఞులు బంతి నుంచి గంధకం కలిగిన ఒక పదార్థాన్ని వేరుచేశారు. దాని పేరు ఆల్ఫా టెర్థైనిల్. 1958లో హాలెండ్‌లో ఊలెన్‌బ్రూక్, బైలూ అనే శాస్త్రజ్ఞులు నులిపురుగులను చంపే గుణం ఆ పదార్థానికి ఉన్నదని నిరూపించారు. హాలెండ్‌లో ఒక నగర ఉద్యానవనంలో గులాబీలు క్షీణిస్తున్నప్పుడు, రసాయనాలకు బదులుగా వాటి మధ్య బంతిని నాటమని అక్కడి సస్యరక్షణ నిపుణులు సలహా ఇచ్చిన ఉదంతాన్ని రేచెల్ కార్సన్ 1962లో వెలువడిన తన ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథంలో వివరించింది. పురుగుమందుల మీద ప్రపంచపు దృష్టిని మార్చిన ఆ పుస్తకంలో బంతిపూవుకు చోటు దక్కడం సామాన్య విషయం కాదు.

ఈ చరిత్ర తెలుగు రైతుల జీవితంతో పెనవేసుకున్నది 1980వ దశకంలో. అప్పటికి పదేళ్ల ముందు వరకూ అరుదుగా వాడిన పురుగుమందులు అప్పటికి సేద్యంలో విడదీయరాని భాగమైనాయి. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి విస్తీర్ణం పెరిగింది. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్త తరగతి మందులు రైతుకు అభయహస్తంగా కనిపించాయి. 1987లో ఆ అభయం వమ్మయింది. కాయ తొలుచు పచ్చపురుగు, అంటే శాస్త్రపరిభాషలో హెలికోవెర్పా ఆర్మిజెరా, విజృంభించింది. ఎన్నిసార్లు మందు చల్లినా లొంగలేదు. కోస్తా ఆంధ్రలో ఆ పురుగు పైరిత్రాయిడ్లకు తట్టుకునే శక్తి సంపాదించుకున్నదని ఆ తరువాతి పరిశీలనలు నిర్ధారించాయి. మందులకు చేసిన అప్పు తీర్చలేక పత్తి రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. పదేళ్ల తరువాత, 1997–98లో వరంగల్లు జిల్లాలో ఆ విషాదం మరింత పెద్దయెత్తున పునరావృతమైనది. ఆ పర్యాయం పొగాకు లద్దె పురుగు ప్రధాన కారణాలలో ఒకటి. పత్తినే గాక కందిని, శనగను, టమాటాను కూడా ఆశించే పచ్చపురుగు ఒక పంట మీద నేర్చుకున్న విద్యను మరొక పంట మీద ప్రయోగించగలదు. పత్తి చేలో విఫలమైన మందు టమాటా తోటలో ఫలిస్తుందన్న ఆశకు అర్థం లేకపోయింది.

భారత ప్రభుత్వం 1985లోనే సమగ్ర సస్యరక్షణను తన విధానంగా స్వీకరించింది. ఆ విధానానికి పొలంలో రూపమివ్వవలసిన బాధ్యత పరిశోధనా సంస్థల మీద పడింది. బెంగుళూరు సమీపంలోని హెసరఘట్టలో 1967లో ఏర్పడిన భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థలో కె. శ్రీనివాసన్, పి.ఎన్. కృష్ణమూర్తి మొదలైన శాస్త్రజ్ఞులు ఈ దిశలో చేసిన కృషి చిరస్మరణీయమైనది. క్యాబేజీకి తోడుగా ఆవను నాటితే డైమండ్ బ్యాక్ మాత్ అనే పురుగు ఆవ మీదికి ఆకర్షితమవుతుందని వారు 1991లో ప్రకటించారు. ప్రతి ఇరవై అయిదు క్యాబేజీ సాళ్లకు రెండు ఆవ సాళ్లు, అందులో ఒకటి క్యాబేజీ నాటడానికి పదిహేను రోజుల ముందు, రెండవది నాటిన ఇరవై అయిదు రోజుల తరువాత విత్తాలన్నది వారి సిఫారసు. 1994లో వెలువరించిన మరొక పరిశోధనా వ్యాసంలో ఆఫ్రికన్ బంతి టమాటాకు అదే విధమైన సేవ చేయగలదని నిరూపించారు.

ఈ పద్ధతిలోని కీలకం కాలాన్ని లెక్కించడంలో ఉన్నది. నలభై అయిదు రోజుల వయస్సు గల బంతి నారును, ఇరవై అయిదు రోజుల వయస్సు గల టమాటా నారును ఒకే రోజు నాటాలి. వయస్సులో ఇరవై రోజులు పెద్దదైన బంతి, టమాటా పూతకు వచ్చే వేళకు తానూ మొగ్గ తొడిగి సిద్ధంగా ఉంటుంది. పచ్చపురుగు తల్లి రెక్కలపురుగు గుడ్లు పెట్టడానికి మొగ్గలనూ పూలనూ వెదకుతుంది. టమాటా కంటె బంతి మొగ్గ దానికి ప్రియమైనది. పద్నాలుగు నుంచి పదహారు టమాటా సాళ్లకు ఒక బంతి సాలు చాలునన్నది తరువాత వ్యాప్తిలోకి వచ్చిన లెక్క. అప్పుడు రైతు తన దృష్టినీ శ్రమనూ ఆ ఒక్క సాలు మీద కేంద్రీకరించవచ్చు. గుడ్లను, పిల్లపురుగులను ఏరివేయడం, వేపగింజల కషాయమో, పురుగులకే రోగం కలిగించే ఎన్.పి.వి. ద్రావణమో చల్లడం ఆ సాలుకు పరిమితమవుతుంది. తక్కిన తోట మీద మందు అవసరం తగ్గుతుంది.

ఇక్కడ లోకంలోని అభిప్రాయానికీ, శాస్త్రం చూపిన సత్యానికీ గల భేదం స్పష్టమవుతుంది. బంతి పచ్చపురుగును తరిమివేస్తుందని జనుల నమ్మకం. నిజానికి అది పురుగును పిలుస్తుంది. తెలుగు రైతు వాడుకలోని ‘ఎర పంట’ అనే మాట ఈ సత్యాన్ని యథాతథంగా చెబుతున్నది. గాలానికి ఎర కట్టినవాడు ఒడ్డున నిద్రపోతే చేప ఎరను తిని వెళ్లిపోతుంది. బంతి సాలును నాటి, దాని మీద చేరిన పురుగులను ఏరివేయని తోటలో ఆ సాలే పురుగులకు పుట్టిల్లు అవుతుంది. అక్కడ పెరిగిన తరం మళ్లీ టమాటా మీదికే వస్తుంది. వాసనే కాపాడుతుందన్న నమ్మకంతో చేతులు ముడుచుకొని కూర్చున్న రైతుకు పూవు చేసిన మేలు కంటె కీడే ఎక్కువ కావచ్చు. ఈ భేదాన్ని చెప్పడం సంప్రదాయాన్ని తక్కువ చేయడం కాదు. రైతు కష్టాన్ని వృథా కానివ్వకపోవడం.

నులిపురుగుల విషయంలోనూ ఇటువంటి సూక్ష్మత ఒకటున్నది. బంతి ప్రభావం ప్రధానంగా దాని వేళ్ల పరిధికి లోబడినది. నులిపురుగులు ఉన్న మడిలో బంతిని ఒత్తుగా నాటి, రెండు మూడు నెలలు పెరగనిచ్చి, అనంతరం అదే మడిలో కూరగాయలు వేసినప్పుడు ఫలితం బాగుంటుంది. అక్కడొకటి ఇక్కడొకటిగా నాటిన మొక్కలు దూరపు వేళ్లను రక్షించలేవు. అంటే నేలలోని శత్రువుకు బంతి పంటమార్పిడిగా పనిచేస్తుంది, పైని శత్రువుకు ఎరగా పనిచేస్తుంది. ఒకే పూవు చేసే రెండు వేరువేరు పనులివి. రెంటికీ నాటే కాలం వేరు, నాటే తీరు వేరు.

అయితే వాసన అనే మాట పూర్తిగా నిరాధారమా? ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రకటించిన ఫలితాలు ఈ ప్రశ్నకు కొంత సమాధానమిచ్చాయి. గాజు గృహాలలోని టమాటా మొక్కల మధ్య మొదటి నుంచీ ఫ్రెంచి బంతిని ఉంచినప్పుడు తెల్లదోమ వృద్ధి మందగించింది. బంతి విడుదల చేసే లిమొనీన్ అనే సుగంధ ద్రవ్యం దీనికి ముఖ్య కారణమని వారు తేల్చారు. ఇంతకు మునుపే ఇంగ్లండులో స్టాన్ ఫించ్, రోజ్‌మేరీ కాలియర్ అనే శాస్త్రజ్ఞులు 2000లో, మళ్లీ 2003లో వెలువరించిన పరిశోధనలు వేరొక కోణాన్ని చూపాయి. క్యాబేజీని ఆశించే ఈగ ఆకుపచ్చగా కనిపించిన దాని మీదనల్లా వాలుతుంది. తనకు కావలసిన మొక్క అవునో కాదో వాలిన తరువాతనే తెలుసుకుంటుంది. చుట్టూ బీడు నేల ఉంటే సూటిగా క్యాబేజీ మీదికే దిగుతుంది. చుట్టూ ఇతర మొక్కల పచ్చదనం ఉంటే పదే పదే పొరబడి విసిగి వెళ్లిపోతుంది. సువాసన గల మొక్కలు ఈ పనిలో వాసన లేని మొక్కలకంటె మెరుగని వారి ప్రయోగాలలో తేలలేదు. దక్కను చేలలో జొన్నా, కందీ, అలసందా కలగలిసి పెరిగే పద్ధతికి ఇంతకన్న మంచి సమర్థన దొరకదు. ఒక పురుగుకు వాసన, మరొకదానికి పచ్చదనం, వేరొకదానికి ఎర. మొక్కల చెలిమి అనే ఒక్క మాట కింద ఇన్ని విధాల వ్యవహారం దాగి ఉన్నది.

ఎర పంట అనే ఆలోచన తెలుగు ప్రాంతానికి బంతితోనే మొదలు కాలేదు. పొగాకు నారుమళ్ల చుట్టూ ఆముదం నాటి, లద్దె పురుగు గుడ్ల సముదాయాలను ఆ వెడల్పాటి ఆకుల మీదనే పట్టుకొని నాశనం చేయడం రాజమండ్రిలోని కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వ్యాప్తిలోకి తెచ్చిన విధానం. వేరుశనగ, మిరప, పత్తి చేల గట్ల మీద కూడా ఆముదం అదే పని చేస్తున్నది. ఈ శతాబ్ది మొదటి సంవత్సరాలలో ఖమ్మం జిల్లా పునుకుల, వరంగల్లు జిల్లా ఏనబావి వంటి గ్రామాలు పురుగుమందులకు స్వస్తి చెప్పినప్పుడు ఆముదం, బంతి సాళ్లు వారి ఆయుధాలలో భాగమైనాయి. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలు వాటికి తోడు నిలిచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ 2004–05 నుంచి మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతులను అనేక జిల్లాలకు విస్తరింపజేసింది. రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో చేపట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలోనూ ఎర పంటలకు, కంచె పంటలకు స్థానం లభించింది.

ఈ విస్తరణలో మహిళల పాత్ర ప్రత్యేకంగా పేర్కొనదగినది. పురుగుమందు చల్లడం సాధారణంగా పురుషుని పని. పురుగును ఏరడం, ఆకు తిప్పి గుడ్డు ఉన్నదో లేదో చూడడం ఎక్కువగా స్త్రీల చేతి పని. ఎర పంట విజయం ఆ చూపు మీద ఆధారపడి ఉంటుంది. ఒక ఖరీదైన డబ్బా స్థానంలో ప్రతి ఉదయం తోట తిరిగే ఒక మనిషి శ్రద్ధ వచ్చి చేరుతుంది. ఆ శ్రద్ధకు కూలి కట్టి చూసే లెక్కలు ప్రభుత్వ పథకాలలో తరచుగా కనిపించవు. ఎర పంటను సిఫారసు చేసే ప్రతి కరపత్రమూ నాటవలసిన సాళ్ల సంఖ్యతో పాటు ఏరవలసిన చేతుల సంఖ్యను కూడా చెప్పవలసి ఉంటుంది.

మరొక చిక్కు బంతి విలువలోనే ఉన్నది. దసరా, దీపావళి, కార్తిక, సంక్రాంతి సమయాలలో పూవుకు మంచి ధర పలుకుతుంది. గట్టు మీది పూలు అమ్మగా వచ్చిన రొక్కం చిన్న రైతుకు ఆసరా. అయితే పూవు అమ్మకపు సరుకైన మరుక్షణం దానిని పురుగు తాకరాదన్న కోరిక పుడుతుంది. ఆ కోరిక మళ్లీ పురుగుమందు దగ్గరికే దారి తీయవచ్చు. ఎరగా నాటిన సాలు ఎరగానే ఉండాలంటే దాని మీద కొంత నష్టాన్ని సహించే నిబ్బరం అవసరం. దేవునికి పూవునిచ్చిన చేయి పురుగుకు కూడా ఒక మొగ్గను విడిచిపెట్టగలగాలి.

బంతి కథ సంప్రదాయమంటే ఏమిటన్న ప్రశ్నను కొత్తగా చూడమంటుంది. పూవు మెక్సికోది, పోర్చుగీసు ఓడల కాలంలో వచ్చినది. దాని పక్కనున్న టమాటా కూడా ఆ దేశపు మొక్కే. వాటిని తినవచ్చే పచ్చపురుగు మాత్రం ఈ పాతప్రపంచపుది. వేళ్ల రహస్యాన్ని అమెరికా, హాలెండ్ ప్రయోగశాలలు విప్పాయి. మొగ్గ రహస్యాన్ని హెసరఘట్ట పొలాలు విప్పాయి. పంటను ఒంటరిగా ఉంచరాదన్న మూలసూత్రాన్ని దక్కను మెట్టచేలు ఏనాటి నుంచో పాటిస్తున్నాయి. ఇన్ని చేతుల మీదుగా వచ్చిన విద్యను కేవలం తాతల కాలంనాటిదని అనడం ఎంత అసంపూర్ణమో, కేవలం ఆధునిక శాస్త్రమని అనడమూ అంతే అసంపూర్ణం. వచ్చినదానిని స్వీకరించడం, స్వీకరించినదానిని పరీక్షించడం, పరీక్షకు నిలిచినదానిని అలవాటుగా మార్చుకోవడం ఈ నేల మీద సంప్రదాయం ఏర్పడిన తీరు.

పరీక్ష అనే మధ్య మెట్టును విడిచిపెట్టినప్పుడు సంప్రదాయం మూఢవిశ్వాసంగా దిగజారుతుంది. 1987లో కోస్తా పత్తి చేలు నేర్పినట్లు, ఆధునికత కూడా అదే గతి పొందుతుంది. పురుగుమందు డబ్బా మీద అచ్చయిన భరోసాను ప్రశ్నించిన రైతుకు బంతి వాసన మీది భరోసాను ప్రశ్నించే హక్కు కూడా ఉన్నది. ఆ ప్రశ్నకు సమాధానం తోటలోనే దొరుకుతుంది: టమాటా పూతకు వచ్చిన వారంలో, బంతి మొగ్గ కింద, గసగస గింజంత తెల్లని గుడ్డు రూపంలో. దానిని చూడగల కన్ను ఉన్నంతవరకే ఆ పూల సాలు తోటకు కాపలా.